ఎర్ర చీటీ పీకే చేయి

నేను ఒక ఎంజైమును. అప్పలకొండ అనే ఆమె కాలేయంలో పుట్టాను. కంటికి ఆనను గానీ, నేను చేసిన ఘనకార్యం మాత్రం స్కానింగులో నిమ్మకాయంత కనిపించింది.

కణంలో పనికిరాని ప్రోటీనుకు యుబిక్విటిన్ అనే చిన్న చీటీ తగులుతుంది. చీటీ ఉన్నది తుక్కు చేసే యంత్రంలోకి పోవాలి. పొరపాటున తగిలినవీ ఉంటాయి కదా, వాటి చీటీ పీకి బతికించడం నా ఉద్యోగం. కామెర్ల వైరస్ ఏళ్ల తరబడి ఆ కాలేయాన్ని పీక్కుతిన్నాక మాలాంటివాళ్లం ఎక్కువైపోయాం. ‘పెరుగు, పెరుగు’ అని కణాన్ని ఎగదోసే ప్రోటీను ఒకటి చీటీతో వస్తే, అలవాటుకొద్దీ పీకేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ పీకాను. పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను.

ఆ కణాలు ఆగకుండా పెరిగి క్యాన్సర్ గడ్డయ్యాయి. విశాఖలో ఆపరేషన్ చేసి దాన్ని తీసేశారు. అప్పలకొండ సరేననడంతో గడ్డ ముక్క ఒకటి, దాని పక్కనున్న మంచి కాలేయం ముక్క ఒకటి పరిశోధన చేసే నస్రీన్ చేతికొచ్చాయి. ఆమె వాటిని పలచగా కోసి, కణాలు బతికుండగానే మందు పోసింది. ఆ మందు నన్ను పట్టి బిగించేసింది. నా పక్కనుంచే ఆ ప్రోటీను చీటీతో పోతోంది, నాకు చేయి ఆడలేదు. భయమేసింది. యంత్రం దాన్ని నమిలేసింది.

గడ్డ ముక్క పెరగడం ఆగింది. నస్రీన్ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. “అయ్యో, మంచి కాలేయం ముక్క కూడా వాడిపోయిందే!” అన్న ఆమె గొంతు విన్నాను.

నస్రీన్ ఐసు పెట్టెలో నన్ను ఫ్రీజరుకు తీసుకుపోతుంటే వరండాలో అప్పలకొండ ఎదురైంది. కాలేయంలో మళ్లీ మచ్చ కనబడిందని డాక్టరు అప్పుడే చెప్పాడట.

“ఆ మందు పని సేసిందట గదా పాపా! నాకెప్పుడిత్తారు?”

“ఇప్పుడే ఇవ్వలేమమ్మా. చీటీ పీకే చేయిని కట్టేస్తే గడ్డ ఆగింది. కానీ మంచి కణాలకీ ఆ చేయే కావాలి.”

అప్పలకొండ రొయ్యల కంపెనీలో పాడైన ట్రేలకు ఎర్ర చీటీలు కట్టే మనిషి.

“మా కాడా ఉన్నాడొకడు. రొయ్యలు తెచ్చిన పడవోళ్ల మీద జాలితో సీటీలు పీకేసీవోడు. మంచోడే. ఆడి మూలాన లోడంతా కుళ్లిపోనాది.”

పెట్టె మీద ఆమె చేయి పడింది.

“నా కడుపులో మిగిలిన సీటీలు పీకేసీవోడికి సెప్పు పాపా. కాస్త సూసి పీకమను.”

నస్రీన్ పెట్టెను లోపల పెట్టింది. ఫ్రీజరు తలుపు పడింది.

ఆ మాట నేను విన్నాను. నన్ను కాలేయంలో మోసిన మనిషి అడిగింది, కాదనాలని లేదు. కానీ నాకున్నవి చేతులే, కళ్లు లేవు.