నలుపా, నేవీ బ్లూనా

కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయిన ఎనిమిదో రోజే రాధమ్మ దుకాణానికి వచ్చి కూర్చుంది. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఆమెది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొచ్చిన వాళ్లకు సరిపోయే జాకెట్ గుడ్డ కోసివ్వడం ముప్పై ఏళ్లుగా ఆమె పని. "ఇంకో వారం ఇంట్ల ఉండరాదు?" అని భర్త కాశయ్య మొత్తుకున్నా వినలేదు.

నల్లద్దాలు తీసి అరల వైపు చూసిందో లేదో, ఆమెకు కాలు నిలవలేదు. ఎడమ కన్ను మూసి చూస్తే తెల్ల గుడ్డ తాను మల్లెపువ్వులా ఉంది. కుడి కన్ను మూసి చూస్తే అదే తాను టీ నీళ్లలో ముంచినట్టుంది. ఒక కన్ను మూసి, ఇంకోటి తెరిచి, అర తర్వాత అర చూసుకుంటూ పోయి నేవీ బ్లూ అర దగ్గర ఆగిపోయింది. అక్కడ మూడు తానులున్నాయి. ఎడమ కంటికి మూడూ ఒక్కటే. కుడి కంటికి రెండే నీలం. మూడోది నలుపు, అనుమానం లేని నలుపు.

ఆ తాను ఆమెకు గుర్తుంది. పోయిన మాఘంలో జ్ఞానేశ్వరి అనే ఆవిడ కూతురి పెళ్లి చీర తెచ్చి, అంచుకు సరిపోయే నేవీ బ్లూ జాకెట్ గుడ్డ అడిగింది. రాధమ్మ ఆ మూడో తానులోంచే గుడ్డ కోసింది. ఎనిమిదేళ్లుగా దుకాణంలో పనిచేస్తున్న ప్రియాంక, "పెద్దమ్మా, గది నలుపు" అంటే కసురుకుంది. జాకెట్ కుట్టించుకున్నాక జ్ఞానేశ్వరి వచ్చి, "పెండ్లికి నల్ల జాకెటా?" అని దుకాణంలో పెద్ద గొడవ చేసింది. కోసింది నేవీ బ్లూనే అని రాధమ్మ నమ్మకం. చూసినవాళ్లంతా అది నలుపే అనడంతో, ప్రియాంకే గుడ్డ మార్చిందని అందరి ముందూ తిట్టింది. ప్రియాంక ఆ రోజే చెప్పులేసుకొని వెళ్లిపోయింది.

మర్నాడు చెకప్‌లో, రెండు కళ్లకు రంగులు వేరుగా ఎందుకున్నాయని రాధమ్మ డాక్టర్ సంహితను నిలబెట్టి అడిగింది.

"మన కన్ను పట్టే వెలుగు కొంచెమేనమ్మా," అంది సంహిత. "వెలుగంటే అలలు. ఎరుపుది పొడుగు అల, ఏడు వందల నానోమీటర్ల దాక ఉంటది. నీలం, ఊదావి పొట్టి అలలు, నాలుగు వందల దిక్కు. వయసు మీద పడ్డకొద్ది కంట్ల లెన్సు పసుపెక్కి, ముందు గా పొట్టి అలలనే ఆపేస్తది. ముదురు నీలం గూడ నల్లగనే కనిపిస్తది, రెండిటికి తేడా తెల్వది."

"మరి నాకు తెల్వలేదేంది?"

"మెల్లమెల్లగ తగ్గుతది కదా, అలవాటైపోతది."

"ఎన్నేండ్ల సంది?"

"గట్టిగ చెప్పలేను. ఐదారేండ్లయితే అయ్యుంటది."

ఐదారేళ్లు! ఎన్ని చీరలు, ఎన్ని గుడ్డలు! ఆ పూట అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలని, లేస్తే ఎక్కడికో పోవాలని. తెల్లారగానే కాశయ్యకు చెప్పి ప్రియాంక ఊరు కోహెడకు బస్సెక్కి, సీటున్నా కూర్చోబుద్ధి కాక నిలబడే వెళ్లింది.

ప్రియాంక ఇంటి వసారాలో మిషన్ కుడుతోంది. పక్కన ఇద్దరు ఆడవాళ్లు జాకెట్ల కోసం కూర్చున్నారు. రాధమ్మ నిలబడే చెప్పేసింది. "తప్పు నాదే బిడ్డా. గది నలుపే. నా కన్ను ఖరాబై నిన్ను తిట్టిన."

ప్రియాంక మిషన్ ఆపలేదు. "నేను గప్పుడే చెప్పిన కద."

"చెప్పినవ్."

"గుడ్డ దొంగ అన్నట్టు చేసినవ్. జ్ఞానేశ్వరమ్మ ఇప్పటికీ బజార్ల కనబడితే మొఖం తిప్పుకుంటది."

రాధమ్మ ఫోన్ తీసింది. జ్ఞానేశ్వరి నంబరు వెతికి స్పీకర్ పెట్టింది. కుడి కంటి ఆపరేషన్ అయ్యాకే తెలిసిందని, జరిగింది దాచకుండా చెప్పింది. అవతలి నుంచి, "అయ్యో, గా పిల్లను నేను సుత శాన మాటలన్న. ఉన్నదా గాడ?" అని వినిపించింది.

అప్పుడు ఆగింది మిషన్. ప్రియాంక ఫోన్ అందుకొని వాకిట్లోకి నడిచింది. లోపలికి వచ్చేసరికి ఆమె ముక్కు ఎర్రబడి ఉంది.

"పనికి రమ్మంటవేమో. రాను పెద్దమ్మా," అంది. "గీడ నాకు మంచిగున్నది."

"రమ్మని అడగనీకి రాలే."

"ఎడమ కన్ను ఆపరేషన్ ఎప్పుడు?"

"వచ్చే నెల."

"గప్పటిదాక నీలాలు, నలుపులు ఒక్కదానివే కొయ్యకు. ఫోటో పంపకు, ఫోన్‌ల రంగు మారుతది. ముక్క కోసి బస్సుల పంపు, నేను చూసి చెప్త."

రాధమ్మ వసారా అరుగు మీద కూలబడింది. పొద్దుటి నుంచి ఆమె కూర్చోవడం అదే మొదలు.