డెమో మాస్టరు చెయ్యి

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, చూపించేవాడికి చూసేవాడు అంతకన్నా లోకువ. ఈ సంగతి కంపెనీ మందుని షాపుల్లో చూపించి అమ్మే డెమో మాస్టరుకి బాగా తెలుసు. కంపెనీ అచ్చేసి ఇచ్చిన కాగితాలు ఏ వర్క్‌షాపులోనూ ఒక్కడు చదివిన పాపాన పోలేదు. అదే బకెట్లో మందు పోసి, చొక్కా మోచేతిదాకా మడిచి, మణికట్టు మునిగేలా చెయ్యి ముంచి తీసి, తుడుచుకోకుండా నలుగురి ముందూ అటూ ఇటూ తిప్పితే చాలు, అందరూ నోళ్ళు తెరుచుకుని చూసేవాళ్ళు. సరుకు అమ్ముడుపోయేది.

ఆ మందు పేరు సైలేన్. గాజు పలకలకి జిగురు గట్టిగా పట్టాలంటే ముందు దీన్ని పలచగా పూసి ఆరనివ్వాలి. పాత మందు స్పిరిట్‌లో కలిసి వచ్చేది. మూత తీస్తే ముక్కులదిరేవి, తల తిరిగేది, దగ్గర్లో అగ్గిపుల్ల గీస్తే షెడ్డు షెడ్డే లేచిపోతుందని అందరికీ హడలు. ఆ హడలుకి కిటికీలు తెరిచేవాళ్ళు, చేతులకి తొడుగులు వేసుకునేవాళ్ళు, పని కాగానే చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవాళ్ళు. కొత్త మందు నీళ్ళలో కలిపినది. వాసన లేదు, మంట అంటుకోదు, చూడడానికి మంచినీళ్ళలా తేటగా ఉంటుంది. ఘాటు తగ్గింది గానీ గుణం ఎక్కడికి పోతుంది? అందులో ఉన్న క్షారం చర్మాన్ని తింటుంది, కంట్లో పడితే కన్నునే తింటుంది. డ్రమ్ము మీద బొమ్మ వేసి మరీ చెప్పారు ఆ మాట.

ఆ బొమ్మేంటి సార్ అని ఎవడైనా అడిగితే డెమో మాస్టరు నవ్వేవాడు. చట్టం వెయ్యమంది కాబట్టి వేశారులే అనేవాడు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు, చెయ్యి ముంచే నాకు లేని భయం చూసే మీకెందుకు అనేవాడు. షెడ్డంతా గొల్లుమని నవ్వేది. ఆ నవ్వుతోపాటే భయమూ పోయేది.

అసలు విషయం ఏమిటంటే, కందకి దురద ఎప్పుడో మొదలైంది. ముందు కుడిచేతి వేళ్ళ సందుల్లో ఎర్రబడింది. తర్వాత పొట్టు లేచింది. ఆ పైన కణుపుల దగ్గర బీటలు వారి నెత్తురు రావడం మొదలైంది. అప్పుడాయన ఏం చేశాడయ్యా అంటే, మందు మానలేదు, మాట మార్చలేదు, చెయ్యి మార్చాడు. డెమోలకి ఎడమచెయ్యి, జేబులోకి కుడిచెయ్యి. మనిషికి దేవుడిచ్చిన తెలివంతా ఇలాంటి వాటికే ఖర్చవుతుంది. చర్మం డాక్టరు ఏం పని చేస్తారని అడిగితే అమ్మకాలు అన్నాడు. అది అబద్ధం కాదు కాబట్టి మనసులో ఏ ముల్లూ గుచ్చుకోలేదు. ఇంట్లో భార్య మాత్రం, చేతులా అవి, గరుకు కాగితాలా అని సణుగుతూనే వాటికి నూనె రాసేది. సబ్బు పడట్లేదన్నాడు. ఆవిడ సబ్బు మార్చింది.

ఆ భార్యకి ఒక్కడే తమ్ముడు. గాజు తలుపులు చేసే వర్క్‌షాపులో మందు కలిపే పని అతనిది. ఆ షాపులోకి కొత్త మందు వచ్చిందే బావ డెమోతో. బావని ఆటపట్టించడం బామ్మర్ది జన్మహక్కు కదా, మా అక్కని చేసుకున్నాక మా బావ నీళ్ళమ్ముకుని బతికే స్థితికొచ్చాడని పదిమందిలో అనేవాడు. అన్నా, బావ నోట్లోంచి వచ్చిన మాట మాత్రం అతనికి వేదవాక్కు. డెమో నాడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే.

ఒకరోజు పొద్దున్న డ్రమ్ములోంచి మందు తోడుతుంటే పంపు గొట్టం జారి, ఎడమకంట్లోకి చిమ్మింది. కడుక్కో, కడుక్కో అని పక్కవాళ్ళు కుళాయి చూపించారు. నీళ్ళు పడ్డ కంటిని మళ్ళీ నీళ్ళతో కడగడమేంట్రా అని అతను నవ్వి, చొక్కా చేతితో తుడుచుకుని పనిలో పడ్డాడు. మధ్యాహ్నానికి కన్ను నిప్పుకణికలా అయింది. సాయంత్రానికి నల్లగుడ్డు మీద తెల్లటి పొర కమ్మి, ఎదుటి మనిషి నీడలా కనిపించాడు. అప్పుడు తీసుకెళ్ళారు ఆసుపత్రికి.

డెమో మాస్టరూ భార్యా చేరేసరికి కంటి డాక్టరమ్మ మేనేజర్ని నిలదీస్తోంది. ఏం పడిందని అడిగితే ఆయన నీళ్ళ మందండీ అంటాడు తప్ప ఇంకో ముక్క చెప్పలేకపోతున్నాడు. డెమో మాస్టరు ముందుకొచ్చి మందు పేరు, అందులో క్షారం ఎంతుందో గడగడా చెప్పాడు. అన్నీ తెలుసు మహానుభావుడికి. పడిన క్షణంలోనే కుళాయి కింద పెట్టి పదిహేను నిమిషాలు ఆపకుండా కడిగి ఉంటే సగం వైద్యం అక్కడే అయిపోయేదని డాక్టరమ్మ అంది. ఇప్పుడు చూపు ఎంత తిరిగొస్తుందో చెప్పలేనంది. ఇంత క్షారం ఉన్నది చేతుల్ని మాత్రం ఊరికే వదులుతుందా, వాడేవాళ్ళ చేతులు ఎవరూ చూడలేదా అని కూడా అంది. ఆ మాట ఎవర్నీ ఉద్దేశించి అనలేదు. కానీ గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డెమో మాస్టరు కుడిచెయ్యి జేబులో ఇంకా లోతుకి పోయింది.

అది భార్య చూసింది. వరండాలోకి రమ్మని, గోడవైపు తిరిగి నిలబడింది. ఆవిడ తిడుతుందని ఆయన చెవులప్పగించి నిలబడ్డాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మీ చెయ్యి సంగతి తెలిసుంటే వాడు కన్ను కడుక్కునేవాడండీ" అంది.

ఆ తర్వాత ఆవిడ లోపలికెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుంది. కంటికి కట్టుతో బామ్మర్ది పడుకుని ఉన్నాడు. బావ వచ్చాడని తెలిసి ఆ స్థితిలోనూ నవ్వబోయాడు.

"నీ చేతికి ఏమీ కానిది నా కంటికి ఎలా అయింది బావా? నేనే ఎక్కడో తప్పు చేసుంటాను" అన్నాడు.

డెమో మాస్టరుకి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అన్నేళ్ళుగా వందలమంది ముందు మాట తడబడనివాడు, మంచంలో ఉన్న ఒక్క మనిషికి జవాబు చెప్పలేక మంచినీళ్ళు తెస్తానని బయటికొచ్చేశాడు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ యజమాని ఫోను చేశాడు. బామ్మర్ది వర్క్‌షాపులో ఒక్కడూ డ్రమ్ము ముట్టుకోవడం లేదట, ఈ కబురు పాకితే మిగతా షాపులూ అదే దారి పడతాయట. వెంటనే వెళ్ళి ఎప్పటిలాగే చెయ్యి ముంచి చూపించమన్నాడు. కంటికి మందు పడకుండా కళ్ళద్దాలు పెట్టుకోకపోవడం ఆ మనిషి తప్పు, మనం బొమ్మ వేశాం కదా, అదొక్కటి అందరి ముందూ గట్టిగా చెప్పమన్నాడు. అలా చెప్తే బామ్మర్దిని పనిలోంచి పంపేస్తారు, కన్ను పోయినవాడన్న జాలి కూడా ఎవరికీ ఉండదు. చెప్పకపోతే తన పని పోతుంది. రెంటికీ మధ్య దారి కోసం డెమో మాస్టరు బస్సు దిగేదాకా వెతికాడు. ఉంటే కదా దొరకడానికి.

షెడ్డులో బకెట్టు సిద్ధంగా ఉంది. గాజు పలకలు గోడలకి ఆనించి ఉన్నాయి. పనివాళ్ళు అర్ధచంద్రంలా నిలబడ్డారు, చేతులు కట్టుకున్నవాళ్ళు కట్టుకుని, వెనక్కి పెట్టుకున్నవాళ్ళు పెట్టుకుని. మాస్టారు వచ్చారు, ఇక అనుమానాలన్నీ తీరిపోతాయి అని మేనేజరు మొదలుపెట్టాడు. అలవాటు ఎంత చెడ్డదంటే, డెమో మాస్టరు ఏమీ అనుకోకముందే ఎడమచేతి చొక్కా మడత పైకి పోతోంది. అది చూసుకుని ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది. మడత కిందికి దించేశాడు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు తెమ్మన్నాడు.

స్టోరులోంచి తెచ్చి ఇచ్చారు. కట్టలు విప్పనేలేదు, పైన దుమ్ము పట్టి ఉంది. ఎవరి పుణ్యమో అడగాల్సిన పనిలేదు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. కుడిచెయ్యి జేబులోంచి తీసి తొడుగులోకి దూర్చబోతే, వేళ్ళ దగ్గర పుండు చీరుకుని ప్రాణం జివ్వుమంది. తొడుగు లాగేసి, నెత్తురు కారుతున్న చేతిని అలాగే అందరికీ కనిపించేలా పైకెత్తాడు.

"ఇది ఈ మందు వల్లే వచ్చింది. చాలాకాలంగా ఉంది, దాచాను. మా బామ్మర్ది తప్పేం లేదు. కడగక్కర్లేదని వాడికి నేర్పింది నేను."

మేనేజరు మొహం పాలిపోయింది. మాస్టారూ, మీరు చెప్పాల్సింది ఇది కాదు కదా అని గొణిగాడు. ఆయన వినిపించుకోలేదు. తొడుగుల్లేకుండా ముట్టుకోవద్దన్నాడు, కళ్ళద్దాలు లేకుండా డ్రమ్ము దగ్గరికి పోవద్దన్నాడు. ఒంటి మీద చుక్క పడినా అప్పటికప్పుడు కడుక్కోవాలి, కంట్లో పడితే ఎవడు నవ్వినా సరే కుళాయి కిందనుంచి లేవకూడదు, అక్కణ్ణించి తిన్నగా డాక్టరు దగ్గరికే పోవాలి అన్నాడు. మొదటిరోజే చెప్పాల్సిన మాటలవి.

పనివాళ్ళు తిడతారేమో, మీద పడతారేమో అనుకున్నాడు. పడితే బాగుండనీ అనుకున్నాడు.

ముందు వరసలో గాజు పలకలు తుడిచే ఒకామె ఉంది. చేతికి ఎప్పుడూ తుడుపుగుడ్డ చుట్టుకునే ఉంటుంది, పని కోసమే అనుకునేవాళ్ళు అందరూ. ఆమె ఆ గుడ్డ విప్పడం మొదలుపెట్టింది. చివరి చుట్టు అంటుకుపోయి ఉంటే పళ్ళు బిగించి లాగింది. లోపల వేళ్ళు ఆయన వేళ్ళలాగే ఉన్నాయి, ఇంకా అధ్వాన్నంగా ఉన్నాయి.

"మీ చేతికేం కాలేదు కదా సార్. నా ఒళ్ళే మంచిది కాదేమో అనుకున్నాను" అంది.

ఆమె పక్కవాడు తలదించుకుని చొక్కా చేతులు పైకి తోసుకున్నాడు. వాడి వెనక ఇంకొకడు వీపు వెనకనుంచి చేతులు ముందుకు తెచ్చాడు. ఒకరి తర్వాత ఒకరు, సిగ్గుపడుతూ, పక్కవాడి చేతులు దొంగచూపులు చూస్తూ, అరచేతులు చాపారు. డెమో మాస్టరు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చూశాడు. ఆ షెడ్డులో చేతులు బాగున్నది మేనేజరు ఒక్కడికే.