నాలుగు ఇటుకల కలువ

మా అత్తవారింట్లో పెరటి తలుపు ద్వారబంధం మీద పెన్సిలు గీతలున్నాయి. ఎడమవైపువి మా ఆయనవి. ఏడేళ్లప్పుడు ఇంత, తొమ్మిదేళ్లప్పుడు ఇంత అంటూ పైకి పాకి, నా నెత్తికి జానెడు పైన ఆగిపోయాయి. కుడివైపువి మాత్రం పైనుంచి కిందికి దిగుతాయి. నాలుగు, మూడు, రెండు, ఒకటి అని అంకెలు, పక్కన తేదీలు. ఈ ఇంట్లో ఎవరో రానురాను పొట్టిగా అయిపోతున్నారేమోనని కాపురానికి వచ్చిన కొత్తలో నాకు బెంగ పట్టుకుంది. మా ఆయన్ని అడిగితే "అవి అమ్మ కలువవి" అన్నారు. కలువ ఎందుకు పొట్టిదవుతుందో ఆయనకూ తెలియదు. పళ్ల డాక్టరు కదా, నోట్లో ఉన్నవి తప్ప ఇంకేవీ ఆయన కంటికి ఆనవు.

పెళ్లయి అప్పటికి తొమ్మిది వారాలు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదానిమీద ఒకటి వాలి ఉంటే, అది చూసి పొద్దున్నే నవ్వుకునే రోజులు.

కలువ ఉండేది పెరట్లో, డబుల్ కాట్ మంచమంత కొలనులో. నీళ్లు మోకాళ్లు దాటేదాకా ఉంటాయి, అయిదు చేపలున్నాయి. మూడేళ్లకోసారి అత్తయ్య కుండీని పైకి తీసి, ముదిరిన దుంపను కోసి పారేసి, లేత ముక్కను మళ్లీ నాటుతారు. ఈసారి కుండీ పైకి తీసిన సాయంత్రమే ఆవిడ మెట్టుమీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. చేతికి పిండికట్టు వేశారు, దాన్ని మెడనుంచి నూలుగుడ్డతో వేలాడదీశారు. కలువ సంగతి అంతకన్నా అధ్వాన్నం. దుంపంతా లోపల కుళ్లిపోయి, బొటనవేలంత ముక్క ఒక్కటే బాగుంది. దానికి ఒకే ఒక్క చిగురు. పదకొండేళ్లుగా పూస్తున్న ఎర్రకలువలో మిగిలింది అదొక్కటే. దాన్నిచ్చిన నర్సరీ కూడా మూతపడి చాలాకాలమైంది.

వదిన, అంటే మా ఆయన అక్క, వచ్చి కొన్నాళ్లు తన దగ్గర ఉండమని అత్తయ్యను బలవంతాన బయల్దేరదీసింది. కారెక్కబోతూ అత్తయ్య నన్ను పిలిచి, తడి గోనెలో చుట్టిన ఆ ముక్కను నా చేతిలో పెట్టారు.

"ఇది ఆగదమ్మాయ్, రెండ్రోజుల్లో నాటెయ్యాలి. ఎలాగంటే..."

"నాకు తెలుసత్తయ్యా" అన్నాను.

అలా అనడానికి కారణం ఉంది. మా కోడలు బోటనీ చదివిందని అత్తయ్య వీధంతా చెప్పుకున్నారు. పక్కింటావిడ ఒకరోజు మచ్చలుపడ్డ గులాబీ ఆకు పట్టుకొచ్చి ఏం రోగమని అడిగితే, నేను గులాబీ శాస్త్రీయనామం చెప్పి పంపించాను. ఆవిడ ఎంతో గౌరవంగా వెళ్లిపోయింది. కలువ విషయమైతే మరీనూ. కాడను అడ్డంగా కోస్తే లోపల గాలి గదులు ఎలా ఉంటాయో కళ్లు మూసుకుని గీయగలను. డిగ్రీ పరీక్షలో ఆ బొమ్మకు పదికి పది వచ్చాయి. పుట్టిపెరిగింది ఆరో అంతస్తు ఫ్లాటులో కాబట్టి అసలు కలువను నీళ్లలో ముట్టుకున్నది మాత్రం లేదు.

మర్నాడు అంగడికి వెళ్లి అన్నిటికన్నా ఖరీదైన కుండీ మట్టి తెచ్చాను. కొబ్బరిపొట్టు బాగా కలిపిన మట్టి, చేతిలోకి తీసుకుంటే దూదిలా ఉంది. దుంపను ముద్దుగా పాతి, కుండీని కొలనులోకి దించాను. కాసేపు అంతా ప్రశాంతంగా ఉంది. తర్వాత బుడబుడమని కుండీలో ఉన్నదంతా పొంగుతున్న టీలాగా పైకొచ్చేసింది. కొలను నిండా గోధుమరంగు తెట్టు. మధ్యలో మా కలువ దుంప వెల్లకిలా తేలుతూ ఎండ కాచుకుంటోంది. చేపలు చుట్టూ చేరి మూతులతో పొడిచి చూస్తున్నాయి.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మా ఆయన నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి ఎంత అవస్థపడుతున్నారో ఎర్రబడ్డ చెవులు చూస్తే తెలిసింది. ఇద్దరం చెరో టీ జల్లెడ పట్టుకుని గట్టుమీద బోర్లా పడుకుని ఆ పొట్టంతా ఏరాం. భోజనం చల్లారిపోయింది. నిజం చెప్పాలంటే పెళ్లయ్యాక అంత మంచి మధ్యాహ్నం అదే.

రెండోసారి బుద్ధి తెచ్చుకుని ప్రహరీ పక్కనుంచి బంకమట్టి తవ్వి తెచ్చాను, పైన గులకరాళ్లు పరిచాను. అయినా దుంప నిలవలేదు. ఒంటినిండా గాలి గదులున్న మొక్క మరి, రాళ్లను తోసుకుని పైకొచ్చేస్తోంది. ఎందుకొస్తోందో నేను మా ఆయనకు బొమ్మ గీసి మరీ వివరించాను. ఆయన బొమ్మ చూసి, లోపలికి వెళ్లి, పళ్ల సందుల్లో ఇరుక్కున్నవి తీసుకునే మైనపు దారం పట్టుకొచ్చారు.

"కదిలే పన్నుని పక్క పన్నుకి కట్టేస్తాం. ఇదీ అంతే" అన్నారు.

బల్లపరుపు రాయి ఒకటి చూసి, దుంపను దానికి ఆ దారంతో ఏడు చుట్లు చుట్టి, ఎంతో నాజూకుగా ముడేశారు. ఆ ముడి చూసి నాకు ఆయన మీద మళ్లీ కొత్తగా ప్రేమ పుట్టింది. రాయితో సహా మట్టిలో పాతి, కుండీని కొలను అడుగుకు దించేశాం. ఈసారి ఏమీ తేలలేదు.

ఏమీ మొలవలేదు కూడా. మూడు రోజులు, అయిదు, వారం. నేను రోజుకు పదిసార్లు గట్టుమీద బోర్లా పడుకుని తొంగిచూసేదాన్ని. కనపడేది నా ముఖమే. అత్తయ్య రోజూ సాయంత్రం ఫోన్ చేసి తన చేతి సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, కలువెలా ఉందని అడిగేవారు. బాగుందత్తయ్యా అనేదాన్ని. మొదటి రోజు అది ఆశ. నాలుగో రోజుకు అబద్ధం. ఎనిమిదో రోజు ఫోన్ మోగితే చేతులు తడిగా ఉన్నాయని మా ఆయనకు అందించాను. చేతులు పొడిగానే ఉన్నాయి.

పదో రోజు పొద్దున చెప్పాపెట్టకుండా అత్తయ్య దిగిపోయారు. అల్లుడు టీవీ ఆపడట, చెవులు చిల్లులు పడ్డాయట. సంచి గుమ్మంలోనే పెట్టి నేరుగా పెరట్లోకి నడిచారు. ఖాళీ నీళ్లవైపు చూశారు, తర్వాత నావైపు. ఏం చెప్పాలా అని ఆవిడ వెనకే వస్తూ వెతుక్కున్న మాటలన్నీ ఒక్కసారిగా ఇంకిపోయాయి.

"నాకు తెలియదత్తయ్యా" అన్నాను. "తెలుసని అబద్ధం చెప్పాను. రోజూ బాగుందని కూడా అబద్ధమే చెప్పాను."

"మరి అంత చదువూ?"

"పరీక్షలో బొమ్మ గీయమన్నారు. నాటమనలేదు."

అత్తయ్య పెదవులు బిగబట్టుకున్నారు. అది కోపం అనుకున్నాను గానీ, మరుక్షణం ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఈ ఇంట్లో అది వంశపారంపర్యం.

మా ఆయన ప్యాంటు మడిచి కొలనులో దిగి కుండీ పైకి తీశారు. గులకరాళ్లు పక్కకు తోసి చూస్తే దుంప బతికే ఉంది. గోరంత ఆకు చుట్టచుట్టుకుని, పాలిపోయి, మట్టిమీదే ఆగిపోయింది. దారం మాత్రం దుంప ఒంట్లోకి దిగబడింది. దారానికి అటూ ఇటూ దుంప ఉబ్బింది, మధ్యలో సన్నగా నొక్కుకుపోయింది.

"ఎవరు కట్టారే ఇది?"

నేను మా ఆయన్ని చూశాను. ఆయన చేపల్ని చూశారు.

"ఒరేయ్, కుళ్లని దారంతో మొక్కని కడతారట్రా? వేళ్లు పట్టేదాకానే కట్టు. తర్వాత దానంతటది పోవాలి. లేకపోతే పెరుగుతున్నదాని పీక నొక్కినట్టే."

పళ్ల డాక్టరు తన చిన్న కత్తెరతో ఏడు చుట్లూ ఒక్కొక్కటిగా కత్తిరించారు. మళ్లీ దేనితో కట్టాలని నేను చుట్టూ వెతుకుతుంటే, అత్తయ్య తన చెయ్యి వేలాడుతున్న నూలుగుడ్డ చివర నా ముందుకు చాచారు.

"ఇది చింపు. నా చెయ్యికి మిగతాది చాలు."

వేలెడు వెడల్పు పీలిక చింపాను. ఆవిడ చెప్తుంటే, నేను దుంపను కుండీ అంచుకు ఏటవాలుగా పడుకోబెట్టి, చిగురు మట్టికి పైకే ఉండేలా రాయికి వదులుగా రెండు చుట్లు చుట్టాను. ఈసారి నోరు మూసుకుని విన్నాను. కుండీపైన అడుగు లోతు నీళ్లు ఈదుకుంటూ రావడానికి గోరంత ఆకుకు ఓపికెక్కడిదని ఆవిడ అడిగారు. అందుకని కొలను అడుగున నాలుగు ఇటుకలు ఒకదానిమీద ఒకటి పేర్చి, కుండీని వాటిమీద కూర్చోబెట్టాలట. కొన్ని ఆకులు పైకొచ్చి పరుచుకున్నప్పుడల్లా ఒక ఇటుక తీసెయ్యాలట. కలువ కిందికి దిగుతూ పెరుగుతుందట.

నేను తిరిగి ద్వారబంధం వైపు చూశాను. నాలుగు, మూడు, రెండు, ఒకటి. అత్తయ్య కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి పెన్సిలు నాకే ఇచ్చారు. పాత వరుస పక్కన, పైనుంచి కొత్త వరుస మొదలుపెట్టి, నాలుగు అని వేసి తేదీ రాశాను. అంకె కాస్త వంకర పోయింది.

ఆరో రోజున చొక్కా గుండీ అంత ఆకు నీటిమీదికొచ్చి పరుచుకుంది. పళ్లు తోముకుంటున్న మా ఆయన్ని నోట్లో బ్రష్షుతోనే పెరట్లోకి లాక్కొచ్చాను. ఆయన ఏదో అన్నారు, నురగలో అర్థం కాలేదు. ఇంకో రెండాకులు వచ్చాక ఒక ఇటుక తీసేశాం. మూడు అని రాశాను.

నాలుగో వారంలో ఒక ఉదయం నీళ్లమీద నూలుపీలిక తేలుతూ కనిపించింది. చివికిపోయి, ముట్టుకుంటే విడిపోతోంది. దుంప కూడా తేలిందేమోనని గట్టుమీద బోర్లా పడి చూశాను. పీలికే తప్ప ఇంకేదీ పైకి రాలేదు. చెయ్యి పెట్టి ఒక ఆకు కాడను మెల్లగా లాగాను. కింద ఎవరో గట్టిగా పట్టుకుని లాగినట్టయింది. పరుగెత్తి వంటింట్లోకి వెళ్లాను.

"అత్తయ్యా, గుడ్డ తేలింది."

"దుంపో?"

"రాలేదు. లాగినా రాలేదు."

అత్తయ్య స్టవ్ తగ్గించి, తీరిగ్గా నావైపు తిరిగారు. "అయితే నీ కలువ పట్టుకుంది" అన్నారు.

నీ కలువ అన్నారు. నేను ఆ మాటను మా ఆయనకు ఆ రోజు నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి ఆయనే ముందుగా అనేశారు.

మర్నాడు పక్కింటావిడ మళ్లీ గులాబీ ఆకుతో వచ్చింది. మచ్చలు ఎక్కువయ్యాయట. ఆకును అటూ ఇటూ తిప్పి చూశాను. శాస్త్రీయనామం నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదండీ" అన్నాను. "లోపలికి రండి, అత్తయ్యనడుగుదాం. నేనూ వింటాను."