ఒకటే గీత

పాశమైలారంలోని మందుల కంపెనీలో ఇంటర్వ్యూకు ముందు ఇచ్చిన ఫారంలో, 'పాత ఉద్యోగం మానేసిన కారణం' దగ్గర రవళి 'ఇంటి సమస్యలు' అని రాసింది. అలా రాయమన్నది అన్న భూమేశ్. "పాత కంపెనీని చెడ్డగ చెప్పకు. ఫారం సాఫ్‌గ ఉండాలె" అని గేటు దగ్గర దింపుతూ మళ్లీ చెప్పాడు.

తను రాసిన ఆ రెండు మాటలూ చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండింది. బ్యాగులో వైట్‌నర్ ఉంది, తీయలేదు. మందుల ల్యాబులో తప్పును చెరపరు. కింది అక్షరాలు కనబడేలా ఒకటే గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేస్తారు. పాత ల్యాబులో నాలుగేళ్ల అలవాటుతో చేయి అదే చేసింది. పైన నిజం రాసింది: 'మందుల పరీక్షలో దొంగ రీడింగు రాయనన్నందుకు తీసేశారు.'

లోపల మేనేజరు ఫారం చూస్తూ ఆ గీత మీద వేలు పెట్టాడు.

"కొట్టేసింది గూడ కనబడుతున్నది గదమ్మా."

"కనబడాలనే సార్. ల్యాబుల గట్లనే నేర్పిన్రు."

"రేపు మేం గూడ దొంగ రీడింగు రాయమంటే?"

రవళి పెన్ను మూత తీసింది.

"ఇప్పుడే చెప్పుండ్రి సార్. నా పేరు మీద గూడ ఒక గీత గీసి, సంతకం పెట్టి పోత."