జూలై ఒకటో తారీఖు

"మీ ఊరికి బస్సు వచ్చినప్పుడు ఈ పిల్ల నడుస్తుండెనా, సంకల ఉండెనా?" అని అడిగి శ్రీపతి కలం పైకెత్తి పట్టుకున్నాడు.

ఎదురుగా బెంచీ మీద కూర్చున్న పూలమ్మ నవ్వింది. "మా ఊరికి బస్సు ఇప్పటికీ రాలే సారూ."

శ్రీపతి కూడా నవ్వాడు, పెదవుల వరకే. ఎడమచేతి కింద ఉన్న నోటుపుస్తకంలో ఆ ప్రశ్న పక్కన చిన్న గీత గీశాడు. ఆ పుస్తకం ఎనిమిదేళ్లుగా రాసుకుంటున్నది. ఏ తాలూకాలో మశూచి ఎప్పుడొచ్చింది, ఏ వాగు ఏ ఏడు పొంగింది, ఏ ఊరి పటేలు ఏ పండుగ ముందు చచ్చిపోయాడు, అన్నీ అందులో ఉన్నాయి. పల్లెల్లో ఆడపిల్ల పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టరు. కానీ తల్లి మరిచిపోదు. ఆమె జ్ఞాపకానికి ఆనుకుని ఇంకేం ఉందో తడిమితే తేదీ దానంతట అదే బయటికి వస్తుందని అతని నమ్మకం.

నాంపల్లి సందులో అదొక పాత బంగళా. పల్లెల నుంచి పదిహేనేళ్లు నిండిన ఆడపిల్లలను తీసుకొచ్చి రెండేళ్లు హాస్టల్లో ఉంచుతారు. చదువు, కుట్టుపని, పసిపిల్లల సంరక్షణ నేర్పి తిరిగి వాళ్ల తాలూకాలకే పంపుతారు. అక్కడ వాళ్లు సాయంత్రాలు తోటి ఆడపిల్లలను పోగుచేసి అక్షరాలు దిద్దిస్తారు. చేరే పిల్లల వయసు తేల్చడం గుమాస్తా శ్రీపతి పని. ఆ రోజు 1964 జూన్ ముప్ఫై. పిల్లలు చేరడానికి ఆఖరి రోజు. అతని ఉద్యోగానికీ ఆఖరి రోజే.

సన్నటి మనిషి. మెడ దాకా గుండీలు పెట్టిన కోటు మోచేతుల దగ్గర నునుపెక్కి మెరుస్తుంది. నడిమి వేలు మీద సిరా మచ్చ పుట్టుమచ్చలా స్థిరపడిపోయింది. జుట్టు ఇంకా నల్లగానే ఉంది. పొద్దున సుల్తాన్ బజార్‌లోని తన గదికి తాళం వేసి, ఆబిడ్స్ మీదుగా నడిచి వస్తూ రేపు ఈ దారిన రావలసిన పని లేదని అనుకుని చూశాడు. మనసు ఆ వాక్యాన్ని తీసుకోలేదు. భార్య అహల్య పోయినప్పుడు కూడా ఇలాగే మూడు రోజులు తీసుకోలేదు.

పిల్ల పేరు జంగమ్మ. రేకుపెట్టె మీద మోకాళ్లు దగ్గరికి పెట్టుకుని కూర్చుంది. అరికాళ్లు పగిలి ఉన్నాయి. చూపు మాత్రం అతని నోటుపుస్తకం మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి. తలకిందులుగా చదువుతోందని కాసేపటికి అతనికి అర్థమైంది.

"చదువు ఎవరు నేర్పిన్రు?"

"అనసూయక్క. మా పక్కూర్ల చెప్తది."

అనసూయ. ఆరేళ్ల కిందట ఇదే బెంచీ. కాముని దహనం తెల్లారి పుట్టింది. ఆ తేదీ తేల్చడానికి అతనికి రెండు రోజులు పట్టింది.

"నేనూ గట్లనే చెప్త," అంది జంగమ్మ, అడక్కుండానే.

పూలమ్మ ముందుకు వంగింది. "సారూ, నా పెద్దబిడ్డ కాన్పుల పోయింది. ఇద్దరు పోరగాండ్లు. అల్లుడు దీన్నే ఇయ్యమంటుండు. వీళ్ల నాయిన మాటిచ్చిండు. శ్రావణంల లగ్గం. నేను అంగడికని చెప్పి రైలెక్కిచ్చిన. ఇయ్యాల తోల్కపోతె మల్ల తేలేను."

"జర ఆగు, అవ్వా. తేదీ తేలనీ. ఏ దినాల పుట్టింది?"

"సద్దుల బతుకమ్మ నాడు. తంగేడు పూలు తెంపుతుంటెనే నొప్పులొచ్చినయి."

శ్రీపతి నోటుపుస్తకం పేజీ తిప్పాడు. బతుకమ్మ సరే, ఏ ఏటి బతుకమ్మ? రజాకార్లు పోయి యూనియన్ మిలట్రీ వచ్చిన ఏడైతే పదిహేను ఎప్పుడో నిండింది. ఆ మరుసటి ఏడైతే మూడు నెలలు తక్కువ.

"మిలట్రీ వచ్చిన ఏడేనా?" ఆ ప్రశ్నలో ఔననమనే బతిమాలింపు ఉందని అతనికే వినిపించింది. ఎనిమిదేళ్లలో ఎవరినీ అలా అడగలేదు.

పూలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఏం మాటలు సారూ. ఆ ఏడు దాని నాయిన సంక్రాంతి సంది రజాకార్లకు దాగి అడవిలనే ఉండె. పిల్ల ఏడికెల్లొస్తది? మిలట్రీ వచ్చినంక ఇంటికొచ్చిండు. తెల్లారి ఏడాది పుట్టింది."

అనుమానానికి చోటు లేదు. 1949 సెప్టెంబరు ఆఖరు. అతను రాసిన తేదీల్లో ఇంత గట్టిది ఇంకొకటి లేదు.

సూపరింటెండెంటు ప్రభావతి జాబితా కోసం వచ్చి అతని భుజం మీదుగా చూసింది. నియమం ఆమెకూ తెలుసు. జూలై ఒకటికి పదిహేను నిండాలి.

"జూలై ఒకటి వేసేయండి శ్రీపతిగారూ. ఈ దేశంలో సగం మంది ఆ రోజే పుట్టారు. ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను, వెళ్లే రోజైనా వింటారా?"

ఆమె వెళ్లిపోయింది.

శ్రీపతికీ ఆ తేదీయే. బడిలో చేర్చుకున్న రోజు మౌల్వీ సాబ్ పదకొండు మంది పిల్లలను గోడ వెంట నిలబెట్టి ఎత్తు చూసి అందరికీ ఒకే తారీఖు రాశాడు. అది సర్వీసు పుస్తకంలోకి 1909 జూలై ఒకటిగా దిగింది. ప్లేగు ఏట, ఊరి బయట గుడారంలో పుట్టావని అమ్మ చెప్పేది. అంటే 1911. కాగితం ఇవాళ అతనికి యాభై అయిదు నింపి ఇంటికి పంపుతోంది. ఒంటికి తెలుసు, ఇంకా రెండేళ్లున్నాయని.

అందుకే ఎన్నడూ ఊహించి తేదీ రాయలేదు. అదొక ధర్మమని అనుకున్నాడు. ఇప్పుడు ఆ ధర్మాన్ని వేలితో గీకి చూస్తే అడుగున కనిపించింది వేరొకటి. పోయిన తన రెండేళ్లకు పగ. మౌల్వీ సాబ్ ఎప్పుడో చనిపోయాడు. ఆ పగ తీర్చుకున్నది ఎవరి మీద? నాలుగేళ్ల కిందట పోశవ్వ అనే పిల్లకు నాలుగు నెలలు తగ్గాయి. "వచ్చే ఏడు రా బిడ్డా," అన్నాడు. తేదీ నిజం. వచ్చే ఏడు అన్న మాటే అబద్ధం. ఆ పిల్ల మళ్లీ రాలేదు.

కలం సిరాలో ముంచాడు. 1949 జూలై ఒకటి అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. ప్రమాణపత్రం పూర్తి చేసి చదివి వినిపించాడు.

పూలమ్మ బొటనవేలు సిరాదిమ్మె మీద ఆగింది. "నేను చెప్పింది ఇది కాదు కద సారూ."

"కాదు."

"మరి అబద్ధానికి ఏలేస్తున్ననా?"

"ఔ, అవ్వా. నేను రాసిన, నువ్వు ఏలేస్తున్నవు. పాపమైతే నాది. ఫికర్ చెయ్యకు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తర్వాత కాగితం మీద వేలు గట్టిగా, నేలలో విత్తనం నొక్కినట్టు నొక్కింది. "సగం నాది గూడ," అంది.

శ్రీపతి జంగమ్మ వైపు తిరిగాడు. "నువ్వు పుట్టింది బతుకమ్మ నాడు. అది యాదుంచుకో. రేపు నౌకరీ చేసి ముసలిదానివైనంక, ఈ కాగితం నిన్ను మూడు నెలలు ముందుగ ఇంటికి పంపుతది. అప్పుడు నన్ను తిట్టుకో."

పిల్ల వేళ్ల మీద ఏదో లెక్కపెట్టింది. "గప్పటికి మీరు యాడుంటరు సారూ, తిట్టనీకి?"

ఎనిమిదేళ్లలో మొదటిసారి అతను ఆ బల్ల దగ్గర గట్టిగా నవ్వాడు. అవతలి గదిలో టైపు మిషను ఆగింది.

నాలుగు గంటలకు హాస్టలు ఆయా వచ్చింది. రేకుపెట్టెకు ఒక చెవి ఆయా, ఒక చెవి జంగమ్మ పట్టుకున్నారు. గేటు దాకా వెళ్లి పిల్ల వెనక్కి చూసింది. "పో, పో. రైలు టైమైతుంది నాకు," అంది పూలమ్మ కసురుతున్నట్టు. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత ఒట్టి చేతులతో, చాలా నిటారుగా స్టేషను వైపు నడిచింది.

అయిదింటికి ప్రభావతి గదిలో టీ, ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చారు. ఆమె మూడు మంచి మాటలు చెప్పింది. జాబితాలో ఆఖరి పేరు పక్కన తేదీ చూసి, కళ్లజోడు సవరించుకుని సంతకం పెట్టింది. రేపు అది లక్డీకాపూల్‌లోని పెద్దాఫీసుకు వెళ్తుంది. శ్రీపతి బీరువా తాళంచెవులు బంట్రోతు బిచ్చయ్య చేతిలో పెట్టాడు.

"రేపెవరొస్తరు సార్ మీ జాగాల?"

"ఎవరో ఒకరు. బుక్కు సొరుగులనే ఉంది. రేపటి సంది దాన్ని చూసి తేదీలు ఎవరైనా అడుగొచ్చు."

మెట్లు దిగి, కోటు పై గుండీ ఒకటి విప్పుకుని, ఆబిడ్స్ వైపు జనంలో కలిసిపోయాడు.

బిచ్చయ్య కిటికీలు మూశాడు. బెంచీ మీద, పూలమ్మ కూర్చున్న చోటు పక్కన, రేకుపెట్టె మోయడానికి తల మీద పెట్టుకొచ్చిన చుట్టబట్ట ఉండిపోయింది. పాత చీరపేలికను మెలిపెట్టి చుట్టింది, నడుమ అణిగి, ఇంకా గుండ్రంగానే ఉంది.