పక్కలో వేసిన చొక్కా

కొత్తగా తెచ్చుకున్న కుక్క తిండి ముట్టడం లేదు.

"నీ చొక్కా ఒకటి దాని పక్కలో వెయ్యి నాన్నా. నీ వాసన అలవాటైతే ఉంటుంది, లేకపోతే తిరిగి ఇచ్చెయ్యాల్సిందే," అంది అమ్మాయి.

నేను దర్జీని. కుట్టుమిషను మీదున్న చొక్కా తీసి వేశాను. కాసేపటికి కుక్క గిన్నె నాకేసింది.

"నీ కంపు కూడా నచ్చే ప్రాణి ఒకటి దొరికింది," అని నవ్వింది అమ్మాయి.

మర్నాడు చూసుకుంటే అది నా చొక్కా కాదు. చనిపోయిన తండ్రి చొక్కా, తన ఒంటికి సరిచెయ్యమని కుట్టించుకోడానికి వచ్చిన ఒకతను ఇచ్చి వెళ్లింది.

తీయబోతే కుక్క దొంగను చూసినట్టు నన్ను చూసి గుర్రుమంది. అంతలో నా వెనకున్న ఖాళీ కుర్చీ వైపు తలెత్తి, ఎవరో వద్దన్నట్టు ఊరుకుంది. తోక ఆడించింది.

కుక్క ఉండిపోయింది. ఆ కుర్చీలో మాత్రం నేను కూర్చోవడం లేదు.