ముడి మీద మట్టి

నా బావమరిదికి చేతికి మట్టి అంటితే పడదు. అదేం నేరం కాదు, చాలామందికి పడదు. కాని వాణ్ణి ద్రాక్షతోటకు మేనేజర్‌గా పెట్టారు.

కూలికి వచ్చే ఆడవాళ్ళు వాణ్ణి వెనకాల ‘పుస్తకం సార్’ అంటారు, ఎదురుగా నమస్తే పెడతారు. నేను వాడి అక్క మొగుణ్ణి కనుక ఎదురుగానే అంటాను. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి నేను. ముప్పై ఏళ్ళుగా వైన్ ద్రాక్షకు అంటు కడుతున్నాను.

వైన్ చేసే ద్రాక్ష పండు గొప్పదే గాని దాని వేరు ఉత్త పిరికిది. మట్టిలో వేరుపేను అని ఒకటి ఉంటుంది, అది పట్టిందంటే తీగ మూడేళ్ళలో చస్తుంది. అందుకని పేనుకు లొంగని మొండిజాతి తీగను కింద పెట్టి, దాని తల కోసి, పండుజాతి పుల్లను చెక్కి అతికిస్తాం. రెండూ కలిసినచోట గుప్పిట మూసినట్టు ముడి పడుతుంది. ముడి కింద ఒక జాతి, ముడి పైన ఇంకో జాతి. ఆ ముడి మట్టికి నాలుగు వేళ్ళ ఎత్తున ఎప్పుడూ కనబడుతూ ఉండాలి.

వయసులో ఉన్నప్పుడు పన్నెండేళ్ళు కొండల మీద తోటల్లో చేశాను, మంచు పడేచోట. అక్కడ చలికాలం రాగానే ముడి గడ్డకట్టి పగలకుండా దాని మీద మట్టి కుప్ప పోసేవాళ్ళం. మంచు కరిగిన వారంలో ఆ మట్టంతా లాగేసేవాళ్ళం. ఒక్క వరస మరిచిపోతే మా మేస్త్రి తాతముత్తాతలను కూడా వదలకుండా తిట్టేవాడు. ఎందుకంటే మట్టి తగిలితే పైనున్న పండుజాతి కూడా సొంతంగా వేరు పోస్తుంది. సొంత వేరు వచ్చాక కింది మొండివేరుతో దానికి పనేముంది? కిందిది తిండి లేక ఎండిపోతుంది. ఇక పేనుకు మనమే విస్తరి వేసి పిలిచినట్టు.

ఈ తోట ఉన్నచోట మంచు లేదు. ఎండాకాలం గట్టు మీది రాయి పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఇక్కడ నాలుగు వేల అంటులు కట్టాను నేను. నా చేత్తో, నా కత్తితో. నాటిన ఏడే బావమరిది ఒక పుస్తకం పట్టుకొచ్చాడు. అందులో బొమ్మ, ముడి మీద మట్టి కుప్ప.

“బావా, రేపట్నుంచి అన్నిటికీ ఇలా పోయించు.”

“ఇది చలిదేశం పుస్తకంరా. ఇక్కడెందుకు?”

“చలికి కాపాడేది ఎండకి కాపాడదా? మట్టి చల్లగా ఉంటుంది. కొంచెం ఆలోచించు.”

“సరే, పోద్దాం. మళ్ళీ ఎప్పుడు తీయాలో ఆ పుస్తకంలో ఉందా?”

“మంచు కరిగాక అని ఉంది.” నవ్వాడు. “ఇక్కడ మంచే లేదుగా. తీసే పనే లేదు.”

నవ్వుతున్న ఆ మొహం మీద పార తిరగేసి ఒక్కటిద్దామనిపించింది. ఇవ్వలేదు. ఇంటికెళ్ళి పెళ్ళాం మీద అరిచాను. ఆమె అన్నం వడ్డిస్తూ, “వాడు చదువుకున్నోడు కదయ్యా, ఏదో తెలిసే చెప్తుంటాడు,” అంది. నేను కంచం పక్కకు నెట్టి లేచాను.

మట్టి పోశారు. రెండేళ్ళు తోట పిచ్చిగా పెరిగింది. రెండు జతల వేళ్ళ మీద తాగుతుంటే పెరగదా మరి! యజమానురాలు వచ్చి చూసి వాడి భుజం తట్టింది. పెద్దమేడం అంటాం ఆమెను, డెబ్బై ఏళ్ళుంటాయి, చేతికర్ర లేకుండా తోటంతా తిరుగుతుంది. వాడు నా వైపు చూసి కన్ను కొట్టాడు.

మూడో ఏడు నడిమి మడిలో ఆకులు పసుపు తిరిగాయి. నెల తిరిగేసరికి పక్క మడి కూడా. నేను ఒక తీగ చుట్టూ తవ్వి, వేరు ముక్క కోసుకుని వాడి ఆఫీసు గదికి పట్టుకెళ్ళాను. కొసల నిండా ఉబ్బులు, వాటి మీద పసుప్పచ్చ చుక్కల్లా పేలు.

“చూడరా, కళ్ళు తెరిచి చూడు. మొండివేరు కాదిది, పైది పోసిన వేరు. మట్టి లాగేసి ఈ వేళ్ళు కోసేస్తే కిందివి ఇంకా లేస్తాయి. ఇప్పుడే చెయ్యాలి.”

వాడు కుర్చీ వెనక్కి జరిపాడు. “ముందా మట్టి నా టేబుల్ మీంచి తియ్యి బావా. కాగితాలు పాడవుతాయి.”

చూడలేదు. నిజంగా చూడలేదు. కిటికీలోంచి బయటికి విసిరేయమన్నాడు. ఆ కాగితాల్లో ఏముందో మూడు రోజులకు తెలిసింది. పెద్దమేడానికి పంపిన రిపోర్టు అది. రోగానికి కారణం ‘అంటు లోపం’ అని రాశాడు. కట్టినవాడి చెయ్యి మంచిది కాదని. కోత అయ్యాక నాలుగు వేలూ పీకేయాలని, కొత్త అంటులు వేరేవాళ్ళతో కట్టించాలని.

ముప్పై ఏళ్ళలో ఎవడూ నా ముడిని వేలెత్తి చూపలేదు. ఇక నన్నెవడు పిలుస్తాడు? ఏ తోటకు పోయినా ఆ కాగితం నాకంటే ముందు చేరుతుంది.

“నీ తమ్ముడు నా చేతులు నరికాడే,” అన్నాను ఇంటికొచ్చి.

“నేను మాట్లాడతా వాడితో.”

“నువ్వు మాట్లాడితే అక్కా బాగున్నావా అంటాడు. వేరు సంగతి అడిగితే నోరు పెగలదు.”

సెలవురోజు తోటలో ఎవరూ ఉండరు. పొద్దున్నే వెళ్ళాను. చివరి వరస, ఎనభై తీగలు. ఒక్కొక్క దాని చుట్టూ మట్టి లాగి, ముడి బయటపెట్టి, దాని పైన పుట్టిన వేళ్ళన్నీ మొదలంటా కోసేశాను. మోకాళ్ళు గీరుకుపోయాయి. ఒక్క రోజులో అవలేదు, మూడు సెలవురోజులు పట్టింది. తాగే నోళ్ళు సగం పోయాయి కనుక మొదట ఆ వరస వేలాడిపోయింది. పుస్తకం సార్ వచ్చి కూలీలందరి ముందు అన్నాడు: “చూశారా? అంటు చెడగొట్టింది చాలక ఇప్పుడు చేత్తో చంపుతున్నాడు. అక్క మొహం చూసి ఊరుకుంటున్నా.”

గోతులు తవ్వే ఒకామె, నోరు పెద్దది, “ఊరుకోకండి సార్, మీరే ఒక చెట్టు తవ్వి చూపించండి మాకు,” అంది. అందరూ నవ్వారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

నేను కాచుకుని కూర్చున్నాను. ఐదు వారాలకు చివరి వరసలో కొత్త చిగురు లేచింది. ఎనిమిది వారాలకు తోటంతా పసుపు, ఆ ఒక్క గీత పచ్చ. కింది వేరు చావలేదు. నా ముడి పట్టు వదల్లేదు.

పీకే పని ఎప్పుడు మొదలుపెట్టాలో చూడటానికి పెద్దమేడం వచ్చింది. నేరుగా ఆ వరస దగ్గర ఆగింది.

“ఇదెవరు చేశారు?”

నేను నోరు తెరిచేలోపు బావమరిది ముందుకొచ్చాడు. “చిన్న ట్రయల్ మేడం. నేనే చెప్పి చేయించాను. మా బావ పనివాడు మంచోడే, చెప్తే చేస్తాడు.”

నా ఒళ్ళు చల్లబడిపోయింది. కోపం ముదిరితే నాకు అంతే, అరుపు రాదు. జేబులోంచి అంటుకత్తి తీసి, విప్పి, పిడి వాడి వైపు పెట్టి పట్టుకున్నాను.

“అయితే పక్క వరసలో ఒకటి చేసి చూపించు. మేడం కూడా చూస్తారు.”

“ఇప్పుడా?”

“నీ ట్రయలే కదరా.”

పెద్దమేడం చేతులు కట్టుకుంది. వాడు కత్తి అందుకుని, ప్యాంటు పైకి లాక్కుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు వేళ్ళతో మట్టి గీకాడు, పేడ ముట్టుకున్నట్టు మొహం పెట్టి. ముడి కనబడింది. పైన తాడంత లావు వేళ్ళు, తెల్లగా, నిగనిగలాడుతూ. కింద సన్నగా, నల్లబడ్డ వేళ్ళు నాలుగు. ఆ నల్లవే మొండివేళ్ళు, మట్టి కింద మూడేళ్ళు పస్తులున్నవి.

వాడి చెయ్యి నల్లవాటి మీదికి పోయింది. వాడికి అవి చచ్చినట్టు కనబడ్డాయి. నాకు తెలుసు, ఇప్పుడు కోస్తాడని. చెయ్యి చాపితే వాడి మణికట్టు అందుతుంది.

చాపలేదు.

నాలుగూ కోసేశాడు. లేచి, “ఇలా ఎండినవన్నీ తీసేయాలి మేడం,” అన్నాడు.

ఆమె నా మొహం చూసింది. “సరిగ్గా కోశాడా?”

“బతికించేవి కోశాడు, చంపేవి ఉంచాడు,” అన్నాను. పక్కనే పచ్చ వరసలో ఒక తీగ మొదలు మట్టి జరిపి చూపించాను. ముడి పైన కోత గుర్తులు, కింద కొత్త వేళ్ళు. చదువు రాకపోయినా కనబడుతుంది.

పెద్దమేడం చాలాసేపు వంగి చూసింది. తర్వాత వాడి వైపు తిరక్కుండానే అంది, “రేపట్నుంచి అన్నిటికీ మట్టి తీయించు. బతికినన్ని బతుకుతాయి.” అది నాతో.

“ముందు ఆ రిపోర్టులో నా మీద రాసింది కొట్టేయించండి. అప్పుడు పార పట్టుకుంటా.”

సాయంత్రం ఇంట్లో పెళ్ళాం అన్నం పెట్టి, “అందరి ముందూ వాడి పరువు తీయాలా?” అంది. నాలుగు వేలలో సగం దక్కితే ఎక్కువ, మిగతావి మూడేళ్ళ నా పని, పొయ్యిలోకి. అది ఆమెతో అనలేదు. ఇంకోటి కూడా అనలేదు. వాడు కోసిన తీగ నేను కట్టిందే. వాణ్ణి ఆపగలిగి ఆపలేదు.

తెల్లారగానే మొదట ఆ తీగ దగ్గరికే వెళ్ళాను. వేళ్ళతో సహా పీకి, ఆఫీసు గదిలోకి పట్టుకెళ్ళి, వాడి కాగితాల మీద పడుకోబెట్టాను. మట్టి దులపలేదు.